చెప్పాల్సింది వాళ్లు, వెతుక్కోవాల్సింది మేమా?

"మీ వ్యక్తిగత వివరాలు ఇంటర్నెట్‌లో బయటపడ్డాయేమో వెంటనే చూసుకోండి." ఈ సలహా ఇప్పుడు పత్రికల్లో, బ్యాంకుల ప్రకటనల్లో, పోలీసుల అవగాహన సభల్లో మోగిపోతోంది. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతుండొచ్చు. అయినా ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నా ఆధార్ నంబర్ నేను ఎవరికీ అమ్ముకోలేదు. నా బ్యాంకు ఖాతా నంబర్ గోడ మీద రాసిపెట్టలేదు. అడిగితే ఇచ్చాను. ఇవ్వకపోతే బియ్యం లేవు, కూలి లేదు, పింఛను లేదు అన్నారు కాబట్టి ఇచ్చాను. తీసుకున్నవాళ్ల చేతిలో అది పోయింది. ఎప్పుడు పోయిందో, ఎంత పోయిందో, ఎవరికి చిక్కిందో వాళ్లకు తెలుసు. తెలియకపోతే తెలుసుకోవాల్సిన బాధ్యత వాళ్లదే. వాళ్లు మాత్రం నోరు మెదపరు. నేను వెతుక్కోవాలట! పోగొట్టినవాడు నిమ్మళంగా కూర్చుంటే, పోగొట్టుకున్నవాడు ఊరంతా తిరగాలా? ఇదెక్కడి న్యాయం?

ఇది విరూర్ తరఫున రాస్తున్నాను. మహారాష్ట్ర, చంద్రపూర్ జిల్లా, రాజురా తాలూకా. కాగితాల్లో విరూర్ స్టేషన్ అని ఉంటుంది. బల్లార్షా నుంచి కాజీపేట పోయే రైలు మార్గంలో మా తర్వాత మాకుడి, ఆ తర్వాత సిర్పూర్ టౌన్. ఆ దారే తెలంగాణలోకి పోతుంది. 1956 దాకా ఈ రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. గీత మారింది, మనుషులు మారలేదు. ఇంట్లో తెలుగు, ఊరి రెవెన్యూ అధికారి తలాఠీ దగ్గర మరాఠీ, ఫోన్‌లోకి వచ్చే బ్యాంకు సందేశం ఇంగ్లీషు. పొరుగున జివతి తాలూకాలోనైతే రెండు రాష్ట్రాలూ మావేనంటున్న సరిహద్దు ఊళ్లు డజనుకు పైగా ఉన్నాయి. అక్కడి కుటుంబాలకు రెండు ప్రభుత్వాల రేషన్ కార్డులు, రెండు ఓట్లు. అంటే వాళ్ల వివరాలు రెండు ప్రభుత్వాల కంప్యూటర్లలో ఉన్నాయి. ఒక చోట భద్రంగా ఉన్నా ఇంకో చోట బయటపడొచ్చు. ఈ ప్రజలకు వచ్చి "చూసుకోండి" అని చెప్పేవాళ్లను నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. ఎక్కడ చూసుకోవాలి?

ప్రపంచంలో అందరూ చూపించే చోటు ఒకటుంది. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013 డిసెంబరులో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' వెబ్‌సైట్. ఈమెయిల్ చిరునామా కొడితే, అది ఏయే కంపెనీల దొంగతనాల్లో బయటపడిందో చెబుతుంది. నిజంగా గొప్ప పని. పాస్‌వర్డ్ సరిచూసుకునే ఏర్పాటు కూడా ఉంది. మీ పాస్‌వర్డ్‌ను అక్కడికి పంపకుండా, దాని నుంచి లెక్కగట్టిన గుర్తులో మొదటి ఐదు అక్షరాలు మాత్రమే పంపి సరిచూస్తుంది. పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ 2020లో బిగ్‌బాస్కెట్‌లో సరుకులు తెప్పించుకున్నవాళ్లు చూసుకోవాలి. అప్పుడు దాదాపు రెండు కోట్ల మంది వివరాలు పోయాయి. 2021లో బయటపడ్డ డామినోస్ ఆర్డర్లలో తమ ఇంటి చిరునామా ఉందేమో కూడా చూసుకోవాలి. ఆ వెబ్‌సైట్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ అది ఈమెయిల్ అడుగుతుంది. మా పత్తిచేలలో ఏరుడుకు పోయే ఆడవాళ్లకు ఈమెయిల్ లేదు. వాళ్లు బిగ్‌బాస్కెట్‌లో ఏమీ కొనలేదు. వాళ్ల వివరాలు పోయేది రేషన్ నుంచి, ఉపాధి హామీ నుంచి, పీఎం కిసాన్ నుంచి, పింఛను నుంచి, మహారాష్ట్రలో ఆడవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే లాడ్కీ బహీణ్ పథకం నుంచి. వాటిలో ఏది బయటపడిందో చూపించే కిటికీ ఈ దేశంలో ఒక్కటీ లేదు.

మా వైపు ఒక సేవా కేంద్రంలో నేను కళ్లారా చూసింది చెబుతాను. అరవై దాటిన మనిషి బొటనవేలు యంత్రం మీద పెట్టింది. జీవితమంతా పత్తి ఏరిన వేలు. గీతలు అరిగిపోయాయి, యంత్రం పట్టడం లేదు. నడిపే కుర్రాడు తడిగుడ్డతో ఆ వేలు తుడిచి "ఇంకో వేలు పెట్టు పెద్దవ్వా" అంటున్నాడు. ఒకటయ్యాక ఒకటి అన్ని వేళ్లూ పెట్టించాడు. బల్ల మీద గీతల లాంగ్ నోట్‌బుక్. అందులో వచ్చినవాళ్ల పేరు, ఆధార్ పన్నెండు అంకెలు, ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా వరసగా రాసి ఉన్నాయి. నేను నిలబడ్డ చోటి నుంచే రెండు పేజీలు చదువుకోవచ్చు. ఓటీపీ మనవడి ఫోన్‌కు వచ్చింది. అతను గడప బయటి నుంచి ఆ అంకెలు గట్టిగా అరిచి చెప్పాడు. సరిగా రాని జిరాక్స్ కాగితాలు మూలన దొంతరగా ఉన్నాయి. వాటి వెనకవైపు లెక్కలు వేసుకోవడానికి వాడుతున్నారు. ముందువైపు ఎవరివో ఆధార్ కార్డులు, పాస్‌బుక్కుల మొదటి పేజీలు. నేను ఆమెను అడిగాను: "నీ నంబర్ ఎవడన్న ఎత్తుకపోతే నీకెట్ల తెలుస్తది పెద్దవ్వా?" ఆమె నా వైపు చూసి "పైసలు పోతె తెలుస్తది బిడ్డా" అంది.

అంతే. ఈ దేశంలో పేదవాడి దగ్గరున్న తనిఖీ పద్ధతి అదొక్కటే. డబ్బు పోయాక తెలుస్తుంది. పేరు కొట్టేశాక తెలుస్తుంది. 2024లో లాడ్కీ బహీణ్ పథకంలో జరిగింది గుర్తుచేసుకోండి. సాతారా జిల్లాలో ఒకడు భార్య ఫొటోలు పెట్టి, వేరే మహిళల ఆధార్ నంబర్లతో ముప్ఫై దాకా దరఖాస్తులు వేశాడని కేసయింది. తన నంబర్ వాడేశారని ఒక నవీ ముంబై మహిళకు తెలిసింది ఎప్పుడు? తన సొంత దరఖాస్తు వేయబోతే "ఇప్పటికే వేశారు" అని తిరస్కరణ వచ్చినప్పుడు. ఎవరూ ఆమెకు ముందు చెప్పలేదు. ఆ కేంద్రం కుర్రాణ్ణి తప్పుపట్టి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. అతనికి దరఖాస్తుకు ఇంత అని వస్తుంది. నోట్‌బుక్ పెట్టకపోతే రేపు సర్వర్ ఆగినప్పుడు జనాన్ని మళ్లీ రమ్మనాలి. అతణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, లక్షల మంది వేళ్లను, నంబర్లను అలాంటి బల్లల మీదికి తోసిన పెద్దలతోనే నా పేచీ.

ఎందుకంటే పెద్ద బల్లల మీద జరిగింది ఇంతకంటే ఘోరం. 2017 మే 1న, అది మేడే రోజు, బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. రాసింది అంబర్ సిన్హా, మన హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. వాళ్లు చూసింది నాలుగే నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లు. రెండు కేంద్రానివి: ఒకటి వృద్ధులు, వితంతువుల పింఛన్లది, రెండోది ఉపాధి హామీది. రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది, చంద్రన్న బీమాది. ఆ నాలుగింటిలో బయటికి కనిపించిన ఆధార్ నంబర్లు 13 కోట్ల నుంచి 13.5 కోట్లు. బ్యాంకు ఖాతా నంబర్లు దాదాపు 10 కోట్లు. ఏ దొంగా గోడ దూకలేదు. ఏ తాళమూ పగలలేదు. ప్రభుత్వాలే తలుపులు బార్లా తీసి పెట్టాయి. ఆ జాబితాల్లో ఉన్నదెవరో మళ్లీ చూడండి. పింఛనుదారులు, మట్టి పని కూలీలు, అసంఘటిత కార్మికులు. దేశంలో అందరికన్నా తక్కువ ఉన్నవాళ్ల గుట్టు అందరికన్నా ముందు రచ్చకెక్కింది.

ఆ దెబ్బతో బుద్ధి వచ్చిందా? 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు, వాటితో పాటు కులం, మతం బయట కనిపించాయి. కొద్ది రోజులకే ఉపాధి హామీ కూలీలవి 89 లక్షల పైచిలుకు ఆధార్ నంబర్లు. అదే ఏడాది, జనరిక్ మందుల దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబర్‌తో సహా కనిపించింది. ఏ రోగానికి ఏ మాత్ర మింగుతున్నామో కూడా ఊరందరికీ తెలియాలా? 2019లో ఇంకా పెద్దది. ఒక రాజకీయ పార్టీకి ఆప్ చేసిపెట్టిన ఐటీ గ్రిడ్స్ సంస్థ హార్డ్‌డిస్క్‌లలో తెలుగు రాష్ట్రాల వాళ్ల ఆధార్ వివరాలు 7,82,21,397 దొరికాయని ఆధార్ సంస్థ తెలంగాణ పోలీసులకు ఫిర్యాదు చేసింది. రెండు రాష్ట్రాల జనాభాలో దాదాపు అందరూ వచ్చినట్టే. తన కేంద్ర సర్వర్లలోకి మాత్రం ఎవరూ చొరబడలేదని ఆ సంస్థ చెప్పుకుంది. సరే, నమ్ముదాం. మరి ఆ ఏడు కోట్ల ఎనభై రెండు లక్షల మందిలో ఎవరికైనా ఒక ఉత్తరం ముక్క అందిందా? "నీ పేరు ఆ డిస్క్‌లో ఉంది" అని ఒక్క ఎస్సెమ్మెస్ వచ్చిందా? నా ఎరుకలో ఎవరికీ రాలేదు.

చెప్పాల్సినవాళ్లు చెప్పకపోగా, చెప్పినవాళ్ల మీదే పడ్డారు. 2017 నివేదిక రాసిన సంస్థకు ఆధార్ సంస్థ లేఖ రాసింది. ఆ వివరాలు మీకెలా వచ్చాయి, హ్యాక్ చేస్తే తప్ప రావు కదా అన్న ధోరణిలో నిలదీసింది. 2018 జనవరిలో ట్రిబ్యూన్ విలేకరి రచనా ఖైరా 500 రూపాయలు, పది నిమిషాలు పెట్టి ఎవరి ఆధార్ వివరాలైనా చూడగలిగే దారి కొన్నానని రాస్తే, ఎఫ్ఐఆర్‌లో ఆమె పేరు ఎక్కింది. ఇల్లు కాలుతోందని అరిచినవాడి చేతికే సంకెళ్లు వేస్తే, రేపు ఎవడు అరుస్తాడు? విరూర్‌లో ఎవరైనా ఒక కుర్రవాడు ఇలాంటి లోపం కనిపెడితే, నేనైనా అతనికి ఏమని ధైర్యం చెప్పాలి?

నంబర్ బయటపడితే ఏమవుతుంది, పన్నెండు అంకెలే కదా అని కొందరు చదువుకున్నవాళ్లే అంటారు. వాళ్లు పెద్దపల్లి కథ వినాలి. పెద్దపల్లి మా రైలు దారిలోదే, కాజీపేట పోతుంటే వస్తుంది. ఆ జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్ముకునే ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. ఆ దస్తావేజుల మీద అమ్మినవాళ్లవి, కొన్నవాళ్లవి వేలిముద్రలున్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. ఆ ముద్రలను రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో పోతపోసి, ఆధార్ యంత్రం మీద పెట్టి, వేల సిమ్ కార్డులు వేరేవాళ్ల పేర్ల మీద తీశాడు. 2018 జూన్‌లో పట్టుబడ్డాడు. టార్గెట్ పూర్తిచేయడానికి చేశానన్నాడట. అతను చేసింది సిమ్ కార్డుల వరకే. అదే విద్యను తర్వాత వేరే ముఠాలు ఆధార్ ఆధారిత చెల్లింపుల మీద ప్రయోగించాయి. అందులో ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబర్, వేలు. ఈ మూడూ ఉంటే ఒక్కోసారికి పదివేల దాకా ఖాతాలోంచి తీయొచ్చు. బ్యాంకు శాఖ దూరమైన పల్లెలకు ఎంతో మేలు చేసిన ఏర్పాటే అది, కాదనను. కానీ పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు పోతే ఎక్కడ మార్చుకోవాలి?

దీనికి పైవాళ్ల జవాబు సిద్ధంగా ఉంది: "బయోమెట్రిక్ లాక్ చేసుకోండి." ఆ సౌకర్యం ఉన్నమాట నిజం. ఆధార్ ఆప్‌లోనో వెబ్‌సైట్‌లోనో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. గత ఆరు నెలల్లో మన ఆధార్‌ను ఎవరెవరు సరిచూశారో, యాభై దాకా నమోదులు చూసుకోవచ్చు కూడా. చదువు, స్మార్ట్‌ఫోన్, ఆధార్‌కు కలిపిన సిమ్ ఉన్నవాళ్లు ఇవాళే ఆ పని చేయండి. కానీ ఆ పెద్దవ్వ మాట ఆలోచించండి. ఆధార్‌కు కలిపిన నంబర్ పాత సిమ్‌ది. రీఛార్జి చేయక ఆ నంబర్ పోయి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. కొత్త నంబర్ కలపాలంటే రాజురా పోవాలి, ఒక పూట కూలి పోతుంది. సరే, ఎవరో పుణ్యాత్ముడు ఆమె వేలికి తాళం వేసిపెట్టాడనుకుందాం. నెల తిరిగేసరికి రేషన్ దుకాణంలో యంత్రం మీద అదే వేలు పెట్టాలి. తాళం ఉంటే బియ్యం రావు. తాళం తీయాలంటే మళ్లీ ఓటీపీ, మళ్లీ మనవడు, మళ్లీ ఆ కేంద్రం. దొంగకు తలుపు మూస్తే అన్నానికీ తలుపు మూసుకుంటుంది. ఇదీ మా వాళ్లకు మీరిచ్చిన రక్షణ! ఖాతాలో డబ్బు పోతుందన్న భయమా, పొయ్యి మీద కుండ ఆగుతుందన్న భయమా, రెంటిలో ఒకటి ఎంచుకోమంటున్నారు. ఆ ఎంపిక ఆమె ముందు పెట్టడమే దుర్మార్గం.

వివరాలు పోయినవాళ్లకు ఆ సంగతి చెప్పడం వీలుకాదేమో అనుకునేవాళ్లకు ఒకే నెలలో జరిగిన రెండు సంగతులు చెబుతాను. 2023 ఏప్రిల్ మొదట్లో సైబరాబాద్ పోలీసులు ఫరీదాబాద్‌కు చెందిన ఒకణ్ణి పట్టుకున్నారు. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు వాడి దగ్గర అమ్మకానికి ఉన్నాయన్నారు. అంతకు ముందు నెలలో పట్టుకున్న ఇంకో ముఠా దగ్గర 16.8 కోట్ల మందివి. పట్టుకోవడం గట్టి పనే, మెచ్చుకోవాల్సిందే. సరిగ్గా ఆ ఏప్రిల్ మొదటి వారంలోనే, దొంగ వివరాల సంత 'జెనెసిస్ మార్కెట్'ను అనేక దేశాల పోలీసులు కలిసి మూసేశారు. ఆ రోజే నెదర్లాండ్స్ పోలీసులు ఒక పేజీ తెరిచారు. మీ ఈమెయిల్ ఇవ్వండి, మీ వివరాలు ఆ సంతలో ఉంటే మేమే మీకు కబురు పంపుతాం అన్నారు. దొంగసొత్తు దొరికితే సొంతదారుకు చెప్పాలన్న ఇంగితం అది. మన దగ్గర 66.9 కోట్ల నమోదులు దొరికాయని ప్రెస్ మీట్ పెట్టారు. ఎవరి సొత్తో వాళ్లకు చెప్పే ఏర్పాటు పెట్టలేదు. మరుసటి ఏడాది, 2024లో, తెలంగాణ పోలీసుల సొంత 'హాక్ ఐ' ఆప్ వివరాలే ఒక ఇరవై ఏళ్ల విద్యార్థి చేతికి చిక్కాయి. ఆపదలో ఉన్న ఆడపిల్లలు ఫిర్యాదు చేసుకునే ఆప్ అది!

మనకు చేతకాక కాదు. ఒకరి పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే ఏర్పాటును టెలికాం శాఖ 2021లో పెట్టింది. మొదట తెరిచింది తెలుగు రాష్ట్రాలకే. ఇప్పుడది ఆ శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో దేశమంతటికీ ఉంది. ఫోన్ నంబర్ కొడితే జాబితా వస్తుంది, మనది కాని సిమ్‌ను అక్కడే కాదనొచ్చు. ఎస్టోనియాలోనైతే తన వివరాలను ఏ ప్రభుత్వ కార్యాలయం ఎప్పుడు చూసిందో పౌరుడే చూసుకోగలడు. తలచుకుంటే అవుతుంది. తలచుకోవడం లేదు, ఎందుకంటే చెబితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. 2023 జూన్‌లో ఫోన్ నంబర్ కొడితే కోవిడ్ టీకా వివరాలు చెప్పే టెలిగ్రామ్ బాట్ బయటపడ్డప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ మొదట ఏమంది? ఆధారం లేని, దురుద్దేశపు వార్తలు అంది. పది రోజులకు బిహార్‌లో అరెస్టు జరిగింది. అదే ఏడాది అక్టోబరులో 81.5 కోట్ల మంది భారతీయుల పేర్లు, ఫోన్లు, ఆధార్, పాస్‌పోర్టు నంబర్లు 80,000 డాలర్లకు అమ్మకానికి పెట్టారని ఒక విదేశీ భద్రతా సంస్థ బయటపెట్టింది. లెక్క వేయండి. తలకు పైసా కూడా పడదు. నా బతుకు మొత్తం పైసా లోపు ధరకు అమ్ముడుపోతుంటే, ఆ సంగతి నాకు చెప్పడానికి ప్రభుత్వానికి ఒక ఎస్సెమ్మెస్ ఖర్చు బరువైంది.

చట్టం వచ్చింది కదా అంటారు. చూద్దాం. గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది 2017 ఆగస్టు 24న. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది 2023 ఆగస్టులో. నియమాలు వచ్చింది 2025 నవంబరులో. వివరాలు బయటపడితే బాధితుడికి తప్పక తెలపాలన్న నిబంధన ఆ చట్టంలో ఉంది, చాలా మంచిది. కానీ అది అమల్లోకి రావడానికి ఆ నోటిఫికేషన్ నుంచి పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. అంటే 2027 మే. హక్కు అన్న తీర్పుకూ, కనీసం కబురు చెప్పే రోజుకూ మధ్య దాదాపు పదేళ్లు! సరే, ఆ రోజు వచ్చిందే అనుకోండి. భద్రత పాటించనివాడికి 250 కోట్ల దాకా జరిమానా ఉంది. ఆ డబ్బు ఎవరికి? ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయినవాడికి దమ్మిడీ లేదు. పాత ఐటీ చట్టం 43ఏ సెక్షన్ కింద కంపెనీల నుంచి పరిహారం అడిగే దారి ఒకటుండేది, ఈ చట్టం దాన్నీ కొట్టేస్తుంది. తాను ఎంచుకున్న సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే అధికారం కేంద్రం తన చేతిలోనే పెట్టుకుంది. పౌరుడికి మాత్రం బాధ్యతల చిట్టా రాసింది. పసలేని ఫిర్యాదు చేశాడని తేలితే పదివేల దాకా జరిమానా. ఉపాధి కూలీకి అది నెల సంపాదన కంటే ఎక్కువ.

ఇందులో నన్ను అన్నిటికన్నా రగిలించేది మరొకటుంది. కబురు చెప్పే నిబంధనకు పద్దెనిమిది నెలలు ఆగమన్న ఆ నోటిఫికేషనే, సమాచార హక్కు చట్టానికి చేసిన కోతను మాత్రం వెంటనే అమల్లో పెట్టింది. ఇంతకుముందు, వ్యక్తిగత సమాచారమైనా అది ప్రజా వ్యవహారానికి సంబంధించినదైతే, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని 8(1)(జె) నిబంధనలోనే ఉండేది. ఇప్పుడు ఆ మాటలు తీసేశారు. "వ్యక్తిగతం" అన్న ఒక్క ముక్కతో అధికారి తిరస్కరించవచ్చు. రాజస్థాన్ కూలీలు 1990లలో కూలీల హాజరు పట్టీ, అంటే మస్టర్ రోల్, చూపించమని ఊరూరా బహిరంగ విచారణలు పెట్టి కొట్లాడితే వచ్చిన చట్టం అది. కూలి ఎవరికి ఇచ్చారో, దొంగ పేర్లు ఎన్ని రాశారో ఊరికి తెలియాలన్నది వాళ్ల పోరాటం. మేము దాచమన్నది ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా, వేలిముద్ర. మస్టర్ రోల్‌నూ, గుత్తేదారు బిల్లునూ కాదు. మా నంబర్లకు గోప్యత 2027లో, అధికారి ఫైలుకు గోప్యత ఇప్పుడే. పైగా ఏ కార్యాలయంలో ఎప్పుడు దొంగతనం జరిగిందో ఆరు గంటల్లో తెలుసుకునే కేంద్ర సైబర్ భద్రతా సంస్థ ఒకటుంది, సెర్ట్-ఇన్. 2022 ఏప్రిల్ ఉత్తర్వు ప్రకారం ప్రతి సంస్థా దానికి చెప్పాలి. 2023 నవంబరులో ఆ సంస్థను సమాచార హక్కు పరిధి నుంచే తప్పించారు. తెలిసినవాడి నోటికి తాళం వేసి, తెలియనివాణ్ణి వెతుక్కోమంటున్నారు.

చెబితే జనం భయపడతారు అని ఒక వాదన ఉంది. అది మమ్మల్ని అవమానించే వాదన. కలరా వస్తే దండోరా వేస్తారు, వాగు పొంగితే మైకులో చెబుతారు. మా జనం భయపడి పారిపోలేదు, నీళ్లు కాచుకున్నారు, గట్టెక్కారు. సంగతి తెలిస్తే ఖాతాలో డబ్బు వేరే చోట పెట్టుకుంటారు, బ్యాంకు మేనేజర్‌ను అడుగుతారు, అపరిచితుడు ఫోన్ చేసి పేరు, ఊరు, ఖాతా చివరి నాలుగంకెలు చెప్పినా నమ్మరు. ఇవాళ వాళ్లు ఎందుకు నమ్ముతున్నారు? అన్ని వివరాలూ సరిగ్గా చెప్పినవాడు బ్యాంకువాడే అయి ఉంటాడని. ఆ వివరాలు దొంగ దగ్గర కూడా ఉన్నాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. మోసపోయినవాడి అమాయకత్వం మీద ఎన్ని పోస్టర్లు వేశారు! పోగొట్టిన శాఖ పేరు ఒక్క పోస్టర్ మీదైనా రాశారా?

కాబట్టి నేను అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. ఏ శాఖ దగ్గర, ఏ కంపెనీ దగ్గర మా వివరాలు పోయాయో ఆ శాఖే, ఆ కంపెనీయే మాకు చెప్పాలి. 2027 దాకా ఆగకుండా ఇప్పుడే చెప్పాలి. ఎస్సెమ్మెస్ ఒక్కటే చాలదు. మాకు తెలుగులో ఫోన్ చేసి వినిపించాలి, మరాఠీవాళ్లకు మరాఠీలో, గోండు గూడేల్లో గోండిలో. గ్రామపంచాయతీ నోటీసు బోర్డు మీద నంబర్లు లేకుండా, "ఫలానా పథకం జాబితా ఫలానా తేదీన బయటపడింది" అని రాయాలి. ఆధార్ తాళం వేసుకున్నవాళ్లకు రేషన్ ఆగకుండా, వేలు అడగని దారి ఉండాలి. డబ్బు పోయినవాళ్లకు జరిమానా డబ్బులోంచే పరిహారం ఇవ్వాలి. అప్పటిదాకా "మీరే చూసుకోండి" అనే నైతిక అర్హత ఏ అధికారికీ లేదు.

విరూర్ వాళ్లకు, సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న మన తెలుగువాళ్లకు ఒక మనవి. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారుతుంది. ఆధార్ సంగతికి 1947. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ముసలివాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూసిపెట్టండి. జిరాక్స్ పాడైతే ఆ కాగితం అక్కడ వదలకుండా వెంట తెచ్చుకోండి. ఇదంతా మన జాగ్రత్త, వాళ్ల బాధ్యతకు బదులు కాదు. వచ్చే గ్రామసభకు మగవాళ్లతో పాటు పత్తి ఏరే ఆడవాళ్లు కూడా రండి. మన వివరాలు తీసుకున్న ప్రతి శాఖా అవి ఎక్కడ ఉంచిందో, ఎప్పుడైనా బయటపడ్డాయో రాతపూర్వకంగా చెప్పాలని తీర్మానం పెట్టించండి. ఆ తీర్మానం రాజురా తహసీల్దారుకు, చంద్రపూర్ కలెక్టర్‌కు పంపండి. అందినట్టు సంతకం, తేదీ, ముద్ర తీసుకోకుండా ఆఫీసు గడప దిగకండి.